గేటు దాకా చలి

తెల్లవారుజామున నాలుగూ ముప్పావు. డిసెంబర్ చివరి వారం. దుర్గ్ జిల్లాలో ఉతయి దాటాక వచ్చే ఒక గ్రామంలో, రేకుల వసారా కింద నిలిపిన పాత స్ప్లెండర్ సీటు మీద మంచు చెమ్మ పేరుకొని ఉంది. నలభై దాటిన మనిషి ఒకడు పాత బనియనుతో దాన్ని తుడిచి, చోక్ లాగి, కిక్ కొడతాడు. మొదటిసారి బండి పలకదు. రెండోసారి దగ్గుతుంది. నాలుగోసారికి అందుకొని, పొగ కక్కి, నిలదొక్కుకుంటుంది. చల్లబడిన పెట్రోలు సరిగా ఆవిరి కాదు. గాలి తగ్గించి ఇంధనం పాలు పెంచితే తప్ప నిప్పురవ్వకు అంటుకోదు. చోక్ చేసే పని అంతే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు అమలయ్యాక వచ్చిన బండ్లకు ఈ బాధ చాలా వరకు తప్పింది. వాటిని కొనగలిగిన వారికి తప్పింది అనడం మరింత సరైన మాట.

ఇంజను వేడెక్కే లోపల మనిషి తన ఒంటిని సిద్ధం చేసుకుంటాడు. రెండు చొక్కాలు, స్వెటర్, దాని మీద గాలి చొరబడకుండా వానకోటు. చొక్కాకూ స్వెటర్‌కూ నడుమ, ఛాతీ మీద, నిన్నటి హిందీ దినపత్రిక నాలుగు మడతలు. గాలిని ఆపడంలో కాగితాన్ని మించిన చౌక సాధనం లేదు. తమ వృత్తికి ప్రయోజనమేమిటని పాత్రికేయులు అనుమానపడే రోజుల్లో ఈ సంగతి గుర్తు తెచ్చుకోవచ్చు. సంపాదకీయపు పుటకంటే పూర్తి పుట ప్రభుత్వ ప్రకటన ఎక్కువ వెచ్చగా ఉంటుందని చెప్పడానికి ఆధారమేమీ లేదు గాని, ఈ మధ్య అలాంటి పుటలే ఎక్కువగా దొరుకుతున్నాయి.

చేతులకు ఊలు గ్లవ్స్, వాటి మీద ప్లాస్టిక్ సంచులు, మణికట్ల దగ్గర రబ్బరు బ్యాండ్లు. తలకు మంకీ క్యాప్, ఆ పైన హెల్మెట్. లోపలి గదిలోంచి తండ్రి గొంతు వినిపిస్తుంది.

"సెవులు కప్పుకున్నావేటిరా?"

"కప్పుకున్నాను నాన్నా. నువ్వు తొంగో."

తాత బొబ్బిలి వైపు నుంచి కుటుంబాన్ని వెంటబెట్టుకొని వచ్చి అరవై ఏడేళ్లయినా ఆ ఇంట్లో చెవి ఇంకా సెవిగానే ఉంది. మనవల దాకా వచ్చేసరికి అదీ ఉండకపోవచ్చు. వాళ్లు హిందీలో కలలు కంటారు, ఛత్తీస్‌గఢీలో పోట్లాడుకుంటారు, తాతతో మాత్రమే తెలుగు మాట్లాడతారు.

మొదటి షిఫ్టు ఆరు గంటలకు. ఉక్కు కర్మాగారం గేటు పద్దెనిమిది కిలోమీటర్లు.

భిలాయ్ అనగానే తెలుగు పాఠకుడికి తోచేది వేడి. కొలిమి, కరిగిన ఇనుము, మే నెల ఎండ. పుష్యమాసపు భిలాయ్ ఎవరి ఊహలోనూ ఉండదు. ఢిల్లీ పొగమంచు జాతీయ వార్త అవుతుంది. విమానాలు ఆలస్యమైతే పార్లమెంటు సభ్యులకు కూడా చలికాలం వచ్చిందని తెలుస్తుంది. మధ్య భారతపు చలి మాత్రం స్థానిక పుటలో కనిష్ఠ ఉష్ణోగ్రతల పట్టికగా మొదలై అక్కడే ముగుస్తుంది. డిసెంబర్, జనవరి రాత్రులలో ఇక్కడ పాదరసం పది డిగ్రీల చుట్టూ తిరుగుతుంది, కొన్ని రాత్రులు అంతకు దిగువకు జారుతుంది. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకంటే తక్కువకో దిగి, ఆ కాలానికి సాధారణమైన దానికన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే వాతావరణ శాఖ దాన్ని శీతగాలిగా ప్రకటిస్తుంది. ఈ లెక్కన భిలాయ్‌లో చలికాలపు రాత్రులు ఎక్కువ భాగం ఏ హెచ్చరికకూ నోచుకోవు.

అయితే వాతావరణ శాఖ ఉష్ణమాపకం ఎండా గాలీ నేరుగా తగలని చెక్కపెట్టెలో, కదలకుండా ఉంటుంది. మోటారు సైకిలు మీది మనిషి అలా ఉండడు. శరీరం తన చుట్టూ వెచ్చబరచుకున్న పలుచని గాలి పొరను వేగం క్షణక్షణమూ ఊడ్చుకుపోతుంది. అమెరికా, కెనడా వాతావరణ సంస్థలు 2001 నుంచి వాడుతున్న సూత్రం ప్రకారం, 10 డిగ్రీల చలిలో గంటకు 50 కిలోమీటర్ల గాలి తగిలితే చర్మానికి అది ఐదున్నర డిగ్రీల చలితో సమానం. 8 డిగ్రీలలో 60 కిలోమీటర్ల వేగమైతే రెండు డిగ్రీల పైచిలుకు. గాలి నిశ్చలంగా ఉన్న రాత్రి కూడా నడిపేవాడు తన గాలిని తానే పుట్టించుకుంటాడు. ఆలస్యమైన రోజున వేగం పెంచాలి, వేగం పెంచితే చలి పెరుగుతుంది, చలికి తట్టుకోలేక వేగం తగ్గిస్తే హాజరు పోతుంది. కంట్రాక్టర్ సూపర్‌వైజర్ దగ్గర పది నిమిషాల ఆలస్యానికి సగం పూట కోత.

మొదట కొంకర్లు పోయేది వేళ్లు. గుండె, ఊపిరితిత్తులు వెచ్చగా ఉండాలని శరీరం కాళ్లూ చేతుల చివరలకు నెత్తురు తగ్గిస్తుంది. ప్రాణం నిలుపుకోవడానికి అది చేసుకునే ఏర్పాటు. కాని క్లచ్చూ బ్రేకూ ఆ చివరల మీదనే ఆధారపడి ఉన్నాయి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. మొద్దుబారిన వేళ్లు బ్రేకు నొక్కడానికి అర సెకను ఎక్కువ తీసుకుంటే ఏడు మీటర్లు. చీకట్లో దీపం లేని ఎడ్లబండి, రోడ్డు మీద పడుకున్న ఆవు, నిలిపి ఉంచిన వరి లారీ, ఇవన్నీ ఆ ఏడు మీటర్లలోనే ఉంటాయి. డిసెంబరంటే ధాన్యం సేకరణ కాలం. ఆ లారీలకు కొదవ లేదు.

ఇక హెల్మెట్ అద్దం. మూస్తే ఊపిరి ఆవిరి దానికి పట్టి లోకం కనిపించదు. తెరిస్తే గాలి కళ్లలో సూదులు గుచ్చి నీరు తెప్పిస్తుంది, అప్పుడూ లోకం కనిపించదు. వేలెడంత సందు వదిలి నడపడం ఈ దారిలో అందరికీ తెలిసిన విద్య. ఉతయి దగ్గర కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం శిక్షణ కేంద్రం ఉంది. కర్మాగారం గేట్ల దగ్గర పాసులు చూసేది ఆ దళం వారే. అది దాటాక కాలువ వంతెన. కాలువ మీద మంచు గోడలా నిలిచి ఉంటుంది. బండి దీపం ఆ గోడకు తగిలి తిరిగి కళ్లలోనే పడుతుంది. ఆ తర్వాత మరోదా జలాశయం మీది గాలి. అక్కడ మాత్రం ఎంత మొనగాడైనా ముందుకు వంగి, ట్యాంకు మీద గడ్డం ఆనించినంత పని చేస్తాడు.

రిసాలి దగ్గర టీ బడ్డీ ముందు మట్టి కుంపటి వెలుగుతూ ఉంటుంది. ఛత్తీస్‌గఢీలో దాన్ని గోర్సీ అంటారు. దాని చుట్టూ పది పదిహేను బండ్లు, ఇంజన్లు ఆపకుండానే. వేళ్లు కుంపటి మీద, కళ్లు గడియారం మీద. ఎవరూ టీ పూర్తిగా తాగరు. గ్లవ్స్ తీసి సైలెన్సర్ దగ్గర అరచేతులు పెట్టి వేడి చేసుకునే వాళ్లూ ఉంటారు. తిమ్మిరెక్కిన చర్మానికి కాలిన సంగతి వెంటనే తెలియదు. ఆ సంగతి మధ్యాహ్నం తెలుస్తుంది.

ఈ చలి ప్రకృతి ఇచ్చింది. ఈ పద్దెనిమిది కిలోమీటర్లు మాత్రం ప్రకృతి ఇచ్చినవి కావు.

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంతో భిలాయ్ పుట్టింది. అదే కాలంలో పశ్చిమ జర్మనీ తోడ్పాటుతో రూర్కెలా, బ్రిటన్ తోడ్పాటుతో దుర్గాపూర్. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ భిలాయ్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కర్మాగారంతో పాటు దాని పక్కనే ఒక పట్టణాన్ని కూడా గీశారు. అంకెల పేర్లతో సెక్టర్లు, ప్రతి సెక్టర్‌కూ బడి, బజారు, సెక్టర్ 9లో పెద్దాసుపత్రి, నడుమ చెట్ల వరసలతో వెడల్పాటి రోడ్లు. ఆ పటం గీసిన వారి ఊహలో కార్మికుడు గేటుకు సైకిలు మీద వెళ్లగల దూరంలో ఉంటాడు. అలసిన మనిషికి ఇల్లు దగ్గర ఉండాలన్నది అప్పటి ప్రభుత్వ రంగం దృష్టిలో దయ కాదు, ఉత్పత్తి లెక్కలో భాగం.

దీన్ని స్వర్ణయుగంగా చెప్పుకోవలసిన పని లేదు. ఆ సెక్టర్ల కింద గ్రామాల పొలాలున్నాయి. ఆ క్వార్టర్లు కట్టిన చేతులకు ఆ క్వార్టర్లు దక్కలేదు. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రైలు మార్గం వెంట శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి ప్రాంతాల నుంచి వచ్చిన వేలాది కూలీలు గోడల బయట గుడిసెలు వేసుకున్నారు. ఖుర్సీపార్‌లో నేటికీ తెలుగు వీధులు అలా ఏర్పడినవే. స్ప్లెండర్ మనిషి తాత 1958లో వచ్చి అక్కడే ఒక గుడిసెలో ఉన్నాడు. పనికి నడిచే వెళ్లేవాడు. చలికి గోనెసంచీని నిలువునా చీల్చి కొప్పెరలా తల మీద వేసుకునేవాడట. సోవియట్ నిపుణులు ఆ చలిలో మామూలు చొక్కాలతో తిరుగుతుంటే కూలీలు నోరు తెరుచుకుని చూసేవారని ఆ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్ల దేశంలో దాన్ని చలి అనరని పాపం ఈయనకు ఎవరు చెబుతారు?

తండ్రికి రోజులు మారాయి. 1979లో కోక్ ఓవెన్లలో శాశ్వత ఉద్యోగం, ఆ తర్వాత సెక్టర్‌లో క్వార్టర్, సెక్టర్ 5 బాలాజీ గుడిలో శనివారం దర్శనం, సంక్రాంతికి వాకిట్లో భోగిమంట. గేటు మూడు కిలోమీటర్లు. ముందు సైకిలు, 1983లో సెకండ్ హ్యాండ్ రాజ్‌దూత్.

ఆ రాజ్‌దూత్‌ను గురించి కొంత చెప్పుకోవాలి, ఎందుకంటే రాజకీయ చరిత్ర తరచుగా గ్యారేజీలలో కూడా దొరుకుతుంది. ఫరీదాబాద్‌లో ఎస్కార్ట్స్ సంస్థ 1960ల తొలినాళ్ల నుంచి తయారు చేసిన ఆ బండి పోలండ్ నమూనా. మూలం ఎస్.హెచ్.ఎల్. అనే మోటారు సైకిలు. కీల్ట్సే నగరంలో దాన్ని తయారు చేసిన సంస్థ పేరులో 'హుతా' అనే మాట ఉంది. పోలిష్ భాషలో లోహం కరిగించే కర్మాగారమని అర్థం. అదే కాలంలో మైసూరులో తయారైన జావా చెకోస్లొవేకియా నమూనా. అంటే భిలాయ్ కార్మికుడు సోవియట్ సాయంతో కట్టిన కర్మాగారానికి పోలండ్ లేదా చెకోస్లొవేకియా బండి మీద వెళ్లేవాడు. అలీన విధానం, మిశ్రమ ఆర్థిక వ్యవస్థ, తూర్పు ఐరోపాతో స్నేహం వంటి మాటలను మన తరం పాఠ్యపుస్తకాలలో చదువుకుంది. ఆయన వాటి మీద కూర్చుని కిక్ కొట్టాడు. పెట్రోలులో నూనె కలిపి పోయవలసిన ఆ రెండు స్ట్రోకుల ఇంజను చలికాలం పొద్దున వీధంతా పొగ చేసేది. పక్క క్వార్టర్ బిహారీ ఆయన, ఎదుటి మలయాళీ ఆయన ఆ మోతకే నిద్రలేచి పళ్లు తోముకునేవారు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100తో జపాన్ నాలుగు స్ట్రోకుల ఇంజను ఇంటింటికీ చేరింది. కొన్నేళ్లకు సోవియట్ యూనియనే లేకుండా పోయింది. రాజ్‌దూత్ ఇప్పుడు ఉతయి అవతలి ఇంటి వెనుక టార్పాలిన్ కింద ఉంది. నడవదు. అమ్మరు.

ఆ రోజుల్లోనూ చలి ఇదే చలి. కాని తండ్రి దానిని ఎన్నడూ కష్టాల జాబితాలో చెప్పలేదు. మూడు కిలోమీటర్లంటే ఏడెనిమిది నిమిషాలు. వేళ్లు కొంకర్లు పోయే లోపల గేటు వచ్చేది. సైకిలు రోజుల్లో అదీ లేదు. సైకిలు తొక్కేవాడి కండరాలే కుంపటి; నాలుగు వీధులు దాటేసరికి మఫ్లర్ వదులు చేసుకోవాల్సి వచ్చేది. మోటారు సైకిలు మనిషిని కదలనివ్వకుండా కూర్చోబెట్టి గాలిలోకి తోస్తుంది. మూడు తరాలలో ఈ కుటుంబపు ప్రయాణ సాధనం నడక నుంచి సైకిలుకు, సైకిలు నుంచి మోటారుకు ఎదిగింది. గణాంకాలలో దీన్ని అభివృద్ధి అంటారు. అయితే చలిలో గడిపే సమయం తగ్గుతూ వచ్చి, మూడో తరంలో ఒక్కసారిగా పెరిగింది.

ఎలా పెరిగిందో చెప్పడానికి ఆర్థిక శాస్త్రం అక్కర్లేదు. 1990ల చివరి నుంచి ఉక్కు ప్రాధికార సంస్థ స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు తెచ్చింది. శాశ్వత కొలువులు తగ్గుతూ వచ్చాయి, పని తగ్గలేదు. 2018 జూన్ 14న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ విస్తరించిన భిలాయ్ కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఏటా 70 లక్షల టన్నుల సామర్థ్యం. ఆ టన్నుల వెనుక ఉన్న చేతులలో ఎన్నో కంట్రాక్టు చేతులు. ఐటీఐ ఫిట్టర్ పూర్తి చేసిన కొడుకు ఉద్యోగ ప్రకటనల కోసం ఎదురుచూసి, 2009లో తండ్రి పనిచేసే విభాగంలోనే కంట్రాక్టు కార్మికుడిగా చేరాడు. అయిదేళ్ల పాటు తండ్రీకొడుకులు ఒకే క్వార్టర్ నుంచి ఒకే గేటుకు ఒకే పనికి వెళ్లారు, వేర్వేరు రంగుల పాసులతో. 2014లో తండ్రి పదవీ విరమణ చేశాడు, క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. పీఎఫ్ డబ్బుకు పట్టణంలో స్థలం రాలేదు. ఉతయి అవతల వచ్చింది. కంట్రాక్టర్లు ఇప్పటికి నలుగురు మారారు. కొడుకు చేసే పని, నిలబడే చోటు మారలేదు.

చట్టం ఈ సంగతిని ఎరగకపోలేదు. 1970 నాటి కంట్రాక్టు కార్మికుల చట్టం, నిరంతరం సాగే పనులలో కంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. నిషేధించాక ఆ కార్మికుల గతి ఏమిటి? వారు యజమాని దగ్గర శాశ్వత ఉద్యోగులు అవుతారని సుప్రీంకోర్టు 1996లో ఎయిర్ ఇండియా కేసులో చెప్పింది. ఐదేళ్లు తిరగకుండా, 2001 ఆగస్టు 30న, ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది: నిషేధించినంత మాత్రాన వారంతట వారు శాశ్వత ఉద్యోగులు కారు. ఆ రెండో కేసులో కోర్టుకెక్కిన సంస్థ ఏదో పాఠకులలో చాలామందికి గుర్తుండదు. స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా. భిలాయ్ యజమానే. పటం మీద కార్మికుడి ఇంటిని గేటు పక్కన గీసిన ప్రభుత్వ రంగమే, అతడు తన ఇంటి మనిషి కాదని వాదించి గెలిచింది.

విశాఖ పాఠకులకు ఇది దూరపు కథ కాదు. అక్కడి కర్మాగారమూ సోవియట్ సహకారంతో వచ్చినదే, అక్కడి ఉక్కునగరమూ సెక్టర్లుగా గీసినదే. 2021 జనవరి 27న నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపిన నాటి నుంచి అక్కడి కంట్రాక్టు కార్మికుడికి రేపటి గేట్ పాస్ మీద నమ్మకం లేదు. సముద్రం ఒడ్డున చలి లేదన్న మాటే గాని తేడా ఎంత?

భిలాయ్ కార్మికోద్యమానికి వాతావరణంతో ఒక పాత లావాదేవీ ఉంది. ఈ కర్మాగారానికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజ్‌హరా గనులలో 1977లో కంట్రాక్టు కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వాన లేచి నిలిచారు. పని లేని రోజులకు వేతనం అడిగారు. దాంతో పాటు ఇంకొకటి అడిగారు: వానలు పడకముందే గుడిసెలు బాగు చేసుకోవడానికి మనిషికి వంద రూపాయలు. జూన్ 2, 3 తేదీలలో పోలీసులు కాల్పులు జరిపారు. పదకొండు మంది చనిపోయారు. జీతాల చర్చలోకి ఋతువును తీసుకొచ్చిన కోరిక అది. వాన మా ఇంటి కప్పు మీద పడుతుంది కనుక ఆ కప్పు ఖర్చు మీ లెక్కలో ఉండాలని కార్మికుడు యజమానితో చెప్పడం చిన్న విషయమేమీ కాదు. నియోగి ఆ తర్వాత భిలాయ్ పరిశ్రమలలోని కంట్రాక్టు కార్మికుల వైపు మళ్లాడు; 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున నిద్రలో ఉండగా తుపాకీ గుండుకు బలయ్యాడు. చలికి ఎవరూ ఏమీ అడగలేదు. అప్పటి కార్మికులు గని పక్కనే ఉండేవారు, చలిలో పద్దెనిమిది కిలోమీటర్లు పోవలసిన అవసరం వారికి లేదు.

దారి పనిలో భాగమా, కాదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి భారత న్యాయవ్యవస్థ అర శతాబ్దం తీసుకుంది. 1971 జూన్‌లో కేరళలో ఒక కార్మికుడు సైకిలు మీద ఫ్యాక్టరీకి వెళ్తుండగా లారీ ఢీకొట్టింది. అతడి షిఫ్టు సాయంత్రం నాలుగున్నరకు. ప్రమాదం నాలుగుంబావుకు, ఫ్యాక్టరీకి కిలోమీటరు దూరంలో. అది ఉద్యోగంలో జరిగిన గాయం కాదని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. పావుగంట, కిలోమీటరు, పాతికేళ్లు. 2010లో ఈఎస్ఐ చట్టాన్ని సవరించి, పనికి వస్తూ పోతూ జరిగే ప్రమాదాలను అందులో చేర్చారు. ఆ బీమా పరిధిలో లేని వారి సంగతి అలాగే మిగిలింది.

మహారాష్ట్రలో ఒక చక్కెర కర్మాగారం కాపలాదారు విధి వేళలు తెల్లవారుజామున మూడు నుంచి పదకొండు వరకు. 2003 ఏప్రిల్ 22న ఆ వేళకు మోటారు సైకిలు మీద పనికి బయలుదేరాడు. కర్మాగారానికి ఐదు కిలోమీటర్ల దూరంలో ప్రమాదంలో మరణించాడు. భార్య, నలుగురు పిల్లలు, తల్లి మిగిలారు. కింది అధికారి పరిహారం ఇమ్మన్నాడు, హైకోర్టు వద్దంది. 2025 జూలై 29న సుప్రీంకోర్టు ఆ కుటుంబం పక్షాన తీర్పు చెప్పింది: ఇంటికీ పనిచోటుకూ మధ్య దారిలో జరిగిన ప్రమాదానికి ఉద్యోగంతో కాల, స్థల, పరిస్థితుల సంబంధం రుజువైతే అది ఉద్యోగంలో జరిగినట్టే. తెల్లవారుజామున మూడు గంటల డ్యూటీకి బయలుదేరిన మనిషి మరెక్కడికి వెళ్తున్నాడని అడగడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి తెచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ దారి ప్రమాదాలకు చోటిచ్చారు. కొత్త కార్మిక స్మృతుల మీద సంఘాలకున్న అభ్యంతరాలు చాలా ఉన్నాయి, వాటిలో బలమైనవే ఎక్కువ. ఈ ఒక్క నిబంధనను మాత్రం కాదనవలసిన పని లేదు.

కాని చట్టం లెక్కలోకి వచ్చింది ప్రమాదమే. ప్రమాదం జరగని రోజుల మాటేమిటి? క్షేమంగా చేరిన ముప్ఫై అయిదు నిమిషాలు ఎవరివి? చచ్చిపోతే ఆ దారి యజమానిది, బతికి వస్తే కార్మికుడి సొంతం. పెట్రోలు అతడిది, టైరు అతడిది, వేళ్లు అతడివి. ఎన్నికలప్పుడు భిలాయ్ నగర్‌లో, వైశాలి నగర్‌లో, దుర్గ్ గ్రామీణ్‌లో తెలుగు ఓటర్లను వెతుక్కుంటూ అన్ని పార్టీలూ వస్తాయి. ఆంధ్ర నుంచి నాయకులను కూడా తెస్తాయి. గుడికి షెడ్డు, కాలనీకి సిమెంటు రోడ్డు, ఉగాదికి వేదిక అడగవచ్చు, ఇస్తారు. కార్మికులను షిఫ్టు వేళలకు ఊళ్ల నుంచి తెచ్చే బస్సులు అడిగిన దాఖలా అరుదు. అడగవలసిన వాళ్లు ఆ వేళకు హెల్మెట్ల లోపల ఉంటారు. వాళ్ల సంఘాలు చాలా వరకు శాశ్వత ఉద్యోగుల వేతన ఒప్పందాల చుట్టూ తిరుగుతాయి. ఇది సంఘాలను తప్పుపట్టడానికి అంటున్నది కాదు. ఓటు హక్కు ఉన్న సభ్యుడి మాటే ఏ సంఘానికైనా ముందు వినబడుతుంది.

మొదటి షిఫ్టు కన్నా రాత్రి షిఫ్టు దుర్మార్గమైనది. పది గంటలకు వెళ్లేటప్పుడు చలి ఇంకా చిన్నది. లోపల కోక్ ఓవెన్ల పైకప్పు మీద చెప్పుల అడుగులు మెత్తబడేంత వేడి. చొక్కా తడిసి, ఆరి, ఉప్పు చారలు కట్టి, మళ్లీ తడుస్తుంది. ఆరు గంటలకు గేటు బయటికి వచ్చేసరికి రాత్రి మొత్తంలో అతి చల్లని ఘడియ. డిసెంబర్ చివర సూర్యుడు వచ్చేది ఆరున్నర దాటాకే. తడిసిన బట్ట మీద గాలి తగిలితే చెమట ఆవిరవుతూ ఒంట్లోని వేడిని లాక్కుపోతుంది. అందుకే అనుభవజ్ఞులు సంచిలో పొడి బనియను పెట్టుకుంటారు, పత్రిక కూడా కొత్తది మారుస్తారు. నిద్ర మరో శత్రువు. వణుకు వస్తున్నంత సేపు మెలకువ ఉంటుంది. వణుకు ఆగి హాయిగా అనిపించిందంటే బండి ఆపి దిగి నడవాలని పాతవాళ్లు కొత్తవాళ్లకు చెబుతారు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అందాకా ఆ ఇంట్లో తండ్రి రాత్రి షిఫ్టు రోజులలో ఐదున్నరకే లేచి వసారాలో కూర్చుంటాడు. డెబ్భై ఒక్క ఏళ్ల మనిషి, కోక్ ఓవెన్లలో ముప్ఫై ఐదేళ్లు పనిచేసినవాడు, ఊపిరి అంత బాగుండదు. లోపల కూర్చోమని కోడలు అంటుంది. వినడు. ముందు గోర్సీ రాజేసి, దాని మీద గిన్నెతో నీళ్లు పెడతాడు. మరీ వేడి కాకుండా, చేయి పెట్టి చూసుకుంటాడు. కొంకర్లు పోయిన వేళ్లను ఒక్కసారిగా వేడినీళ్లలో ముంచకూడదని ఆయనకు తెలుసు. వీధిలో ఎన్ని స్ప్లెండర్లు వెళ్లినా కొడుకు బండి మోత వేరుగా పోల్చుకుంటాడు. చైను కొంచెం వదులు, మలుపు దగ్గర టకటకమంటుంది.

ఆరూ యాభైకి ఆ చప్పుడు వినిపించింది. కొడుకు బండి ఆపి, దిగకుండా కాసేపు అలాగే కూర్చున్నాడు. వేళ్లు క్లచ్ మీద నుంచి విడిపోవడానికి కొంత సమయం కావాలి. తండ్రి లేచి వెళ్లి మణికట్ల దగ్గర రబ్బరు బ్యాండ్లు తీశాడు, ప్లాస్టిక్ సంచులు లాగాడు, గ్లవ్స్ ఒక్కో వేలూ విడదీసి ఊడదీశాడు.

"మంచు ఎందాకా ఉందిరా?"

"కాలువ దాకా, నాన్నా."